గాజు దారంలో మన మాట

సిగ్నల్ లేదమ్మా!

అరకు కొండల్లో ఒక ఊరు అనుకుందాం. ఆ ఊళ్ళో ఒక అక్క. తెల్లారకముందే లేచింది. అంబలి కాచింది. బిడ్డను వీపుకు కట్టుకుంది. కార్డు కొంగున ముడి వేసుకుంది. గెడ్డ దాటింది. కొండ దిగింది. రేషన్ డిపోకు వచ్చింది.

డిపోలో చిన్న మెషీను ఉంది. అక్క దాని మీద వేలు పెట్టింది. మెషీను ఆలోచిస్తూనే ఉంది. ఎంతసేపటికీ బదులు లేదు.

"సిగ్నల్ లేదమ్మా. రేపు రా" అన్నాడు డిపో అబ్బాయి.

"ఏటి బాబూ! నిన్నా లేదన్నావు. ఈరోజూ లేదా? బియ్యం నీ వెనకాలే ఉన్నాయి కదా. సిగ్నల్ అంటే ఏటి? అదెక్కడి నుంచి రావాల?" అని అడిగింది అక్క.

అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. కానీ అక్క అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు తెలుసుకుందాం. జవాబు కోసం చాలా దూరం పోవాలి. బెంగళూరు పోవాలి. ఇంగ్లండు పోవాలి. చివరికి మళ్ళీ ఈ డిపో దగ్గరికే వద్దాం.

వేలిముద్ర ఎక్కడికి పోతుంది?

మెషీనుకు మన వేలు ఎవరిదో తెలియదు. అందుకని అది అడుగుతుంది. "ఈ వేలు ఈ కార్డు మనిషిదేనా?" అని దూరంగా ఉన్న కంప్యూటర్లను అడుగుతుంది. ఆధార్ వివరాలు దాచే పెద్ద భవనాలు రెండు ఉన్నాయి. ఒకటి బెంగళూరులో ఉంది. ఇంకొకటి హర్యానా రాష్ట్రంలో మానేసర్ అనే చోట ఉంది. మన వేలిముద్ర అంత దూరం పోవాలి. "అవును, ఆమెదే" అన్న మాట తిరిగి రావాలి. అప్పుడే మెషీను చీటీ ఇస్తుంది.

మరి ఏ దారిన పోతుంది? మెషీను నుంచి టవరు దాకా గాలిలో పోతుంది. ఇది రేడియో వంటిదే. కంటికి కనబడదు. కొండ అడ్డమొస్తే ఆగిపోతుంది. టవరు దగ్గర నుంచి పట్నాల దాకా చాలావరకు ఇంకో దారి ఉంది. అది గాజు దారం. తలవెంట్రుక అంత సన్నం. ఆ దారంలో పోయేది కరెంటు కాదు. వెలుగు!

ఆశ్చర్యంగా ఉందా? వెలుగు మాటను ఎలా మోస్తుంది?

బేటరీ లైటు భాష

ఇది మనకు కొత్త కాదు. రాత్రిపూట ఈ కొండ మీద మీరు ఉన్నారు. ఆ కొండ మీద మీ చెల్లెలు ఉంది. కేక వేస్తే వినబడదు. మీ ఇద్దరి దగ్గరా బేటరీ లైట్లు ఉన్నాయి. ముందే ఒక మాట అనుకున్నారు. ఒకసారి వెలిగిస్తే "అందరం బాగున్నాం" అని. రెండుసార్లు వెలిగిస్తే "వెంటనే రా" అని. అంతే. వెలుగు మాట మోసింది!

కంప్యూటర్లు చేసే పని కూడా ఇదే. వాటికి తెలిసినవి రెండే. వెలుగు, చీకటి. ఈ రెండింటితోనే అన్నీ రాస్తాయి.

ఎలాగంటే, ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఉంది. ప్రపంచమంతా ఆ నంబర్లనే వాడుతుంది. మనం మొదట నేర్చుకున్న అక్షరం "అ". దాని నంబరు 3077. "ఆ" నంబరు 3078. "ఇ" నంబరు 3079.

వెలుగుకు ○ గుర్తు, చీకటికి ● గుర్తు పెడదాం. అప్పుడు "అ" నంబరు ఇలా ఉంటుంది:

○ ○ ● ● ● ● ● ● ● ○ ● ○

కుడి చివర నుంచి చూడండి. మొదటి చోటు విలువ 1. రెండోది 2. మూడోది 4. నాలుగోది 8. ఇలా ప్రతి చోటూ దాని ముందుదానికి రెట్టింపు. వెలుగు ఉన్న చోట్లను మాత్రమే కూడండి.

2048 + 1024 + 4 + 1 = 3077

అదే మన "అ". చేతితో బేటరీ లైటు నొక్కితే ఒక్క అక్షరానికే చాలాసేపు పడుతుంది. కానీ గాజు దారం చివర ఉండే లేజరు దీపం ఒక్క సెకనులో కోట్ల సార్లు వెలిగి ఆరుతుంది. అందుకే మాట, పాట, బొమ్మ, వేలిముద్ర అన్నీ అందులో పోతాయి.

వెలుగు వంగుతుందా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బేటరీ లైటు వెలుగు సూటిగా పోతుంది. కొండను చుట్టి పోదు. మరి దారం వంకర టింకరగా ఉంటుంది కదా. అందులో వెలుగు ఎలా పోతుంది?

నరీందర్ సింగ్ కపానీ అనే మన దేశం మనిషికి ఈ అనుమానం చిన్నప్పుడే వచ్చింది. ఆయన 1926లో పంజాబులోని మోగాలో పుట్టారు. డెహ్రాడూన్‌లో చదువుకున్నారు. వెలుగు సూటిగానే పోతుందని బడిలో మాస్టారు చెప్పారు. కపానీకి ఆ మాట నచ్చలేదు. పెద్దయ్యాక లండన్ వెళ్ళారు. సన్నని గాజు పోచలను వేల కొద్దీ కట్టగా కట్టారు. ఆ కట్ట వంగి ఉన్నా ఒక చివర పెట్టిన బొమ్మ రెండో చివర కనబడింది. ఆ సంగతిని 1954లో లోకానికి చెప్పారు. ఇలాంటి గాజు పోచల కట్టల వల్లనే డాక్టర్లు కడుపులోకి గొట్టం దించి పుండు ఉందో లేదో చూడగలిగారు. కపానీ 2020లో చనిపోయారు. 2021లో మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది.

వెలుగు ఎలా వంగిందో మీరే చూడవచ్చు. రాత్రి మీ ఇంటి దగ్గరే చేయండి.

ఒక తెల్లని ప్లాస్టిక్ నీళ్ళ సీసా తీసుకోండి. అడుగున, పక్కగా, చిన్న కన్నం చేయండి. కన్నాన్ని వేలితో మూసి నీళ్ళు పోయండి. దీపాలు ఆపండి. కన్నానికి ఎదురు పక్క నుంచి బేటరీ లైటు వేయండి. ఇప్పుడు వేలు తీయండి. నీటి ధార వంగి కింద పడుతుంది. ఆ ధార కింద అరచెయ్యి పెట్టండి. అరచేతిలో వెలుగు పడుతుంది!

వెలుగు నిజంగా వంగలేదు. ధార లోపల ఈ అంచుకు తగిలి ఆ అంచుకు, ఆ అంచుకు తగిలి ఈ అంచుకు పోయింది. ఏటవాలుగా తగిలిన వెలుగును నీటి అంచు అద్దంలాగా లోపలికే తిప్పి పంపింది. గెడ్డ నీళ్ళు గట్ల మధ్యనే ఒదిగి పోతాయి కదా, అలాగ. ఈ వింతను 1841లోనే జెనీవాలో కొలాడాన్ అనే ఆయన జనానికి చూపించారు. గాజు దారంలో కూడా ఇదే జరుగుతుంది.

గాజులో మురికి

మరి ఇంకేం? దారం వేసి మాటలు పంపవచ్చు కదా! అలా కుదరలేదు. గాజు వెలుగును తినేసింది. ఆ రోజుల్లో గాజు దారంలో 100 పాళ్ళ వెలుగు పంపితే 20 మీటర్లు పోయేసరికి 1 పాలు మిగిలేది. అంటే ఈ వీధి నుంచి ఆ వీధికి కూడా పనికిరాదు. "గాజుతో ఈ పని కాదు" అని చాలామంది వదిలేశారు.

ఒక్కాయన వదల్లేదు. ఆయన పేరు చార్లెస్ కావ్. 1933లో చైనాలోని షాంఘైలో పుట్టారు. చదువు కోసం ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ హార్లో అనే ఊళ్ళో టెలిఫోను కంపెనీ పరిశోధనశాలలో పనిచేశారు.

ఆయన ఒక సంగతి పట్టుకున్నారు. తప్పు గాజుది కాదు. గాజులోని మురికిది. గాజులో ఇనుము వంటి వాటి నలుసులు కలిసి ఉంటాయి. వెలుగును మింగేవి అవే. మురికి తీసేస్తే వెలుగు పోతుంది. బురద నీటిలో కాలు కనబడదు. తేట నీటిలో అడుగున రాయి కూడా కనబడుతుంది. అదే లెక్క.

1966లో కావ్, ఆయనతో పనిచేసిన జార్జ్ హాక్‌హామ్ కలిసి ఈ మాట లెక్కలతో సహా రాశారు. 1 కిలోమీటరు పోయాక 1 పాలు వెలుగు మిగిలితే చాలు, టెలిఫోను మాటలు పంపవచ్చు అన్నారు. చాలామంది నమ్మలేదు. కావ్ ఊరుకోలేదు. గాజు చేసే కంపెనీలకు తిరిగారు. దేశాలు తిరిగారు. శుద్ధమైన గాజు చేయమని అడిగారు.

నాలుగేళ్ళకు ఫలితం వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు అలాంటి దారం తీశారు.

ఈ లెక్క చూడండి. 100 పాళ్ళలో 1 పాలు మిగిలేది ఎంత దూరంలో?

మొదట్లో: 20 మీటర్లు.
కావ్ కోరింది: 1 కిలోమీటరు.
ఇప్పటి మంచి దారంలో: దాదాపు 100 కిలోమీటర్లు.

ఇప్పుడు సముద్రాల అడుగున కూడా ఈ దారాలే. దేశం నుంచి దేశానికి పోయే కబుర్లలో 100కి 95కు పైగా వీటిలోనే పోతాయి. గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. వెయ్యి కిలోమీటర్లు పోవడానికి కన్ను మూసి తెరిచినంత సేపు కూడా పట్టదు.

మన కొండల్లో గాజు దారం

దారం బాగుంది. కానీ మన కొండల్లో వేయడం ఎలా? నేల తవ్వితే రాయి. అడవి. లోయలు. అందుకని మన రాష్ట్రంలో ఒక ఉపాయం చేశారు. కరెంటు స్తంభాలు ఉన్నాయి కదా, వాటికే కేబుల్ కట్టారు. ఈ పథకం పేరు ఏపీ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు.

స్తంభం మీద కట్టడం తేలిక. ఖర్చు తక్కువ. కానీ గాలివానకు చెట్టు పడితే కేబుల్ తెగుతుంది. తెగితే ముడి వేస్తే కుదరదు. రెండు గాజు కొసలను ఎదురెదురుగా పెట్టి, చిన్న మెషీనుతో కరిగించి అతకాలి. ఆ పని తెలిసిన మనిషి రావాలి.

ఇంకో ఉపాయం కూడా అనుకున్నారు. దారం లేకుండానే వెలుగు పంపడం! ఎత్తైన చోట్ల రెండు పెట్టెలు ఎదురెదురుగా పెడతారు. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు వెలుగు గాలిలోనే పోతుంది. మన బేటరీ లైటు ఆటలాగా. 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ వారు, గూగుల్‌కు చుట్టమైన ఎక్స్ అనే అమెరికా పరిశోధన సంస్థ ఇలాంటి 2,000 జతలకు ఒప్పందం చెప్పారు.

అయితే ఈ పెట్టెలకు ఒక శత్రువు ఉంది. అది మనకు బాగా తెలుసు. మంచు! శీతాకాలం పొద్దున్న ఎదురుగా వచ్చే మనిషే కనబడదు కదా. దట్టమైన మంచులో ఆ వెలుగూ పోలేదు. గాజు దారానికి ఆ బాధ లేదు. చూశారా! ఏ ఉపాయానికైనా దాని మంచీ చెడూ ఉంటాయి. ఏ ఊరికి ఏది పనికొస్తుందో ఆ ఊరివాళ్ళకే ముందు తెలుస్తుంది. అందుకే వాళ్ళను అడగాలి.

ఇన్ని పనులు జరిగినా, సిగ్నల్ సరిగా అందని ఊళ్ళు మన కొండల్లో ఇంకా ఉన్నాయి. ఫోను మాట్లాడడానికి గుట్ట ఎక్కే అక్కచెల్లెళ్ళు ఇంకా ఉన్నారు.

దాచిన మాట

వెలుగు మాటను మోయడమే కాదు. దాస్తుంది కూడా. మీరు సీడీ చూసే ఉంటారు. తళతళలాడే పళ్ళెం. 1982లో ఇవి అమ్మకానికి వచ్చాయి. దాని మీద కంటికి ఆనని చిన్న గుంటలు ఉంటాయి. గుంటల వరస చుట్టలు చుట్టలుగా ఉంటుంది. ఆ చుట్ట విప్పితే 5 కిలోమీటర్లకు పైనే! లేజరు వెలుగు ఆ వరస మీద నడుస్తుంది. గుంట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది అని చదువుతుంది. ఆ గుర్తులే పాట అవుతాయి.

ఇప్పుడు సీడీలు తగ్గిపోయాయి. పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు పెట్టి అన్నీ అక్కడ దాస్తున్నారు. వాటిని డేటా సెంటర్లు అంటారు. ఆధార్ భవనాలు అలాంటివే. 2025 అక్టోబరు 14న గూగుల్ కంపెనీ విశాఖపట్నంలో చాలా పెద్ద డేటా సెంటరు పెడతామని ప్రకటించింది. 5 ఏళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతామంది. సముద్రం కింది గాజు దారాలను విశాఖ ఒడ్డుకు తెస్తామని కూడా చెప్పింది.

ఇలాంటి భవనాలకు కరెంటు చాలా కావాలి. కంప్యూటర్లు వేడెక్కకుండా చల్లబరచడానికి చాలాచోట్ల నీళ్ళూ కావాలి. సముద్రం దాటి వెలుగు విశాఖకు వస్తుంది. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు ఎక్కి మన ఊరికి రావాలి కదా! ఇది మనం అడగవలసిన ప్రశ్న.

మరచిపోయిన మనిషి

చార్లెస్ కావ్ గురించి ఇంకొక్క మాట.

2009లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ప్రపంచంలో అది చాలా గొప్ప బహుమతి. 1966లో చేసిన పనికి 43 ఏళ్ళకు వచ్చింది. కానీ అప్పటికి కావ్‌కు మతిమరుపు జబ్బు వచ్చింది. దాన్ని అల్జీమర్స్ అంటారు. లోకం మాటలన్నీ మోసే దారాన్ని ఇచ్చిన మనిషికి తన మాటలే గుర్తు లేకుండా పోతున్నాయి.

బహుమతి తీసుకున్నవాళ్ళు తమ పని గురించి సభలో చెప్పాలి. ఎవరు చెబుతారు? ఆయన భార్య గ్వెన్ కావ్ లేచారు. ఆమె కూడా ఇంజనీరే. ఒకే కంపెనీలో ఇద్దరూ పనిచేస్తున్నప్పుడే పరిచయం. భర్త పని ఆమెకు తెలుసు. ఆయన రాసిపెట్టిన కాగితాలు ఉన్నాయి. 2009 డిసెంబరు 8న స్వీడన్‌లో ఆ సభలో ఆమే నిలబడి ఆయన పని అంతా వివరించారు. కావ్ కూర్చుని విన్నారు. తరువాత ఇద్దరూ కలిసి ఆ జబ్బువాళ్ళ కోసం హాంకాంగ్‌లో ఒక సంస్థ పెట్టారు. కావ్ 2018లో చనిపోయారు.

మనిషి మరచిపోవచ్చు. రాసింది నిలుస్తుంది. దాన్ని చదివి చెప్పేవాళ్ళు ఉంటే లోకానికి అందుతుంది.

మన పెద్దవాళ్ళ పాటలు, కువి వంటి మన భాషల కథలు చాలావరకు ఏ కాగితం మీదా లేవు. వాళ్ళ నోటిలోనే ఉన్నాయి. వాటినీ దాచుకోవచ్చు. ఫోనులో పట్టి ఉంచవచ్చు. మనకు వచ్చిన అక్షరాలతో రాసి ఉంచవచ్చు.

అక్క మళ్ళీ డిపోకు వచ్చింది

ఇప్పుడు మన అక్క దగ్గరికి పోదాం. సిగ్నల్ అంటే ఏటో మనకు తెలిసింది. టవరు చెడిపోవచ్చు. కేబుల్ తెగవచ్చు. కొండ అడ్డం రావచ్చు. ఇందులో అక్క తప్పు ఏముంది? ఏమీ లేదు. మరి ఆమె బియ్యం ఎందుకు ఆగాలి?

ఆగకూడదు. 2017 అక్టోబరు 24న కేంద్ర ప్రభుత్వ ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకు ఉత్తర్వు రాసింది. ఆహార భద్రతా చట్టం కింద కార్డు ఉన్నవాళ్ళకు వేలిముద్ర పడలేదనో, సిగ్నల్ లేదనో సరుకులు ఆపకూడదు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు చూసి ఇవ్వాలి. ఆ సంగతి వేరే పుస్తకంలో రాయాలి.

అందుకే అక్కా, ఈసారి "రేపు రా" అంటే ఇలా చేయండి.

మీ నోటు పుస్తకం తీయండి. ఆ రోజు తేదీ రాయండి. మీతోపాటు ఎంతమంది వచ్చారో, ఏమని చెప్పి పంపారో రాయండి. "కార్డు చూసి ఇచ్చి, వేరే పుస్తకంలో రాయండి బాబూ" అని నిదానంగా అడగండి. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. పదిమంది కలిసి అడగండి. అప్పుడూ వినకపోతే తహసీల్దారు ఆఫీసులో కాగితం రాసి ఇవ్వండి. రేషన్ ఫిర్యాదులకు 1967 నంబరు ఉంది. మెషీను చీటీ ఇస్తే పారేయకండి. చదవండి. ఎన్ని కిలోలు ఇచ్చినట్టు ఉందో, మీ సంచిలో ఎన్ని కిలోలు ఉన్నాయో సరిచూడండి.

గాజు దారం ఈరోజు తెగి ఉండవచ్చు. మీ పుస్తకంలో గీత మాత్రం తెగదు.

జాగ్రత్తలు

తెగిపడిన కేబుల్‌ను ముట్టుకోకండి. గాజు ముక్క వేలిలో దిగితే కనబడదు, తీయడం కష్టం. తెగిన కొసలోకి కంటితో చూడకండి. అందులో పోయే వెలుగు కంటికి కనబడదు, కానీ కన్నుకు చేటు. పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. అందులోని దారం గాజు, రాగి కాదు. అమ్ముకుంటే డబ్బు రాదు. కోస్తే పది ఊళ్ళకు మాట ఆగిపోతుంది. కేబుల్ తెగి కనబడితే సచివాలయంలో చెప్పండి.

ఆలోచించండి

1. మీ ఊళ్ళో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడ దొరకదు? ఎందుకని?
2. సిగ్నల్ లేదని మీ ఊళ్ళో ఏయే పనులు ఆగాయి? తేదీలతో రాయండి.
3. మీ అమ్మమ్మకు తెలిసిన పాట ఏదైనా ఎక్కడైనా రాసి ఉందా? లేకపోతే ఎవరు రాస్తారు?
4. "ఆ" నంబరు 3078. దాన్ని వెలుగు, చీకటి గుర్తులతో రాసి చూడండి.